ఎముక అతికిన తరువాత

మంచుగడ్డ మీద జారిపడి చేయి విరుగగొట్టుకొనుట తెలుగుదేశములోని శ్రోతలకు వింతగా తోచవచ్చును. మన ఊళ్ళలో మంచుగడ్డ అనునది చెరకురసపు బండి మీద గోనెసంచిలో చుట్టి యుంచు పదార్థమే కాని, నడచుటకు వీలగు నేల కాదు. మనవారు జారునది స్నానాలగది గచ్చు మీద, వానకాలపు పొలము గట్టు మీద, పాచి పట్టిన కోనేటి మెట్ల మీద. అయినను జారుట ఎక్కడైనను ఒక్కటే. పడు తీరు, చేయి విరుగు తీరు, ఆ చేయి తిరిగి మన వశమునకు వచ్చు తీరు, ఇవి దేశమును బట్టి మారవు. అందుచేత పరదేశములో ఒక మంచుకాలువ మీద మాకు కలిగిన అనుభవమును ఆధారము చేసికొని, విరిగిన చేయి బాగుపడుటను గూర్చి కొన్ని మాటలు మనవి చేయదలచినాము. మేము వైద్యులము కాము; ముప్పది యేండ్లు తెనాలిలో పిల్లలకు ప్రకృతిశాస్త్రము చెప్పి విరమించినవారము. వైద్యులు మాకు చెప్పినది, పిమ్మట మేము చదివి తెలిసికొన్నది, చెప్పినను వినక మేము చేసిన పొరపాటు, ఈ మూడును ఇందులో కలసియున్నవి.

కెనడా రాజధానియైన ఒట్టావాలో మా అమ్మాయి కాపురమున్నది. ఆ నగరము నడుమ రీడో కాలువ అని పడవల కాలువ ఒకటి కలదు. అది 1832లో పూర్తి అయినది. అనగా మన ధవళేశ్వరము ఆనకట్ట పని మొదలగుటకు పదునైదేండ్లు ముందు. వేసవిలో పడవలు నడచు ఆ కాలువ చలికాలములో అడుగు మందమున గడ్డకట్టును. 1970-71 చలికాలము నుండి దాని మీద 7.8 కిలోమీటర్ల పొడవున జారుబాట నడుపుచున్నారు. ఉద్యోగస్థులు భుజమునకు సంచి తగిలించుకొని దాని మీదనే కచేరీలకు పోవుట మేము కన్నులార చూచినాము. (2022-23 చలికాలములో గడ్డ చాలినంత మందము కట్టక, ఆ బాట ఒక్క దినమైనను తెరువలేదు. అట్లు జరుగుట దాని చరిత్రలో అదియే మొదటిసారి.)

2019 ఫిబ్రవరిలో ఒక ఆదివారమునాడు మా మనుమడు మమ్ములను ఆ కాలువకు తీసికొనిపోయినాడు. వానికి ఏడేండ్లు. స్కేటు బూట్లు అద్దెకు తెచ్చి, త్రాళ్ళు బిగించి, "తాతయ్యా, భయపడకు, నేను పట్టుకుంటాగా" అన్నాడు. బూటు అడుగున ఉక్కుబద్ద యుండును. ఆ బద్ద మీద దేహభారమంతయు నిలువవలెను. పది గజములు బాగుగనే పోయినాము. పదునొకండవ గజమున కాళ్ళు ముందునకు పోయినవి, మేము వెనుకకు పోయినాము.

మంచుగడ్డ ఎందుకు జారునో ఒక మాట చెప్పక పోలేము, అది మా పాత వృత్తిదోషము. బద్ద ఒత్తిడికి గడ్డ కరగి నీరగును, ఆ నీటి మీద జారుదుమని మేము బడిలో ఏండ్ల తరబడి చెప్పినాము. లెక్క కట్టి చూచినచో, గట్టి చలిలో గడ్డను కరగించుటకు ఆ ఒత్తిడి చాలదు. మంచుగడ్డ పైపొరలోని అణువులు లోపలి అణువులవలె గట్టిగా కట్టుబడి యుండక సడలి, ఇంచుమించు ద్రవమువలె మెలగును. మైకేల్ ఫారడే 1850లోనే ఇట్టి పొర యుండునని ఊహించినాడు. దానికి బద్ద రాపిడిచే పుట్టు వేడి తోడగును. మా శిష్యులలో ఎవరైనను ఇది వినుచున్నచో సవరించుకొందురు గాక.

పడువాడు చేయి చాచును. ఇది ఆలోచించి చేయు పని కాదు. తలను, ముఖమును కాపాడుకొనుటకు దేహము తనంతట తాను చేయు పని. చాచిన అరచేయి నేలకు తగులును, మణికట్టు వెనుకకు వంగును, దేహపు బరువంతయు ఆ ఒక్క చోట పడును. ముంజేతిలో రెండు ఎముకలు కలవు. బొటనవ్రేలి వైపు నున్నది రేడియస్, చిటికెనవ్రేలి వైపు నున్నది అల్నా. అరచేతి నుండి వచ్చు బరువులో హెచ్చు భాగమును మోయునది రేడియస్. మణికట్టునకు అంగుళము పైన ఆ ఎముక వెడల్పై, లోపల మెత్తని జాలివలె నుండును. వెలుపలి గట్టి పెంకు అక్కడ పలుచన. విరుగునది సాధారణముగా అచ్చటనే. విరిగిన ముక్క చేతి వెనుక వైపునకు జరుగును. ప్రక్క నుండి చూచినచో చేయి భోజనపు ఫోర్కును బోర్లించినట్లు వంకర తిరిగి యుండును. మాకు అద్దము అక్కరలేకపోయినది. చేతి తొడుగు తీయగనే తెలిసినది.

ఈ విరుపును డబ్లిన్ నగరములో శస్త్రవైద్యుడుగా నుండిన ఏబ్రహాం కాలీస్ అను నాయన 1814లో వర్ణించినాడు. నేటికిని దానిని కాలీస్ విరుపనియే వైద్యులు పిలుతురు. ఎముకను కండ్లతో చూచు సాధనము లేని కాలమున, చేతితో తడవి, లాగి చూచి ఆయన చెప్పిన మాట నిలిచినది. ఆయన మరియొక సంగతి కూడ వ్రాసినాడు. సరిచేయని చేయి చూచుటకు వంకరగనే యుండిపోవును, పెక్కు దినములు పట్టును, అయినను ఎప్పటికో ఒకప్పటికి నొప్పి తీరి కదలిక తిరిగి వచ్చునని ఆయన ఓదార్పు. ఆ "ఎప్పటికో" అను మాటను ముందుకు జరుపుటకే తరువాతి వైద్యమంతయు పుట్టినదని మాకు తోచినది.

ఎముకను చూచు సాధనము కాలీస్ తరువాత ఎనుబది యేండ్లకు వచ్చినది. 1895 నవంబరులో జర్మనీలోని వ్యూర్జుబర్గులో రంట్‌గన్ ఎక్స్ కిరణములను కనుగొన్నాడు. డిసెంబరు చివర ప్రకటించినాడు. అమెరికాలో న్యూహాంప్‌షైరు రాష్ట్రమున హానోవర్ అను చిన్న ఊరు కలదు. 1896 జనవరిలో అచ్చట ఎడ్డీ మెకార్తీ అను పదునాలుగేండ్ల బాలుడు గడ్డకట్టిన కనెక్టికట్ నది మీద స్కేటింగు చేయుచు పడి, ఎడమ మణికట్టు విరుగగొట్టుకొన్నాడు. ఆ ఊరి వైద్యుడు గిల్మన్ ఫ్రాస్టు. ఆయన సోదరుడు ఎడ్విన్ ఫ్రాస్టు డార్ట్‌మత్ కళాశాలలో ఖగోళశాస్త్రాచార్యుడు. రంట్‌గన్ వార్త విని కళాశాలలోని గాజునాళములను పరీక్షించుచుండిన వారు, ఫిబ్రవరి 3వ తేదీన ఆ బాలుని పిలిపించి, ఇరువది నిమిషములు చేయి కదలింపక ఉంచుమని, ఛాయాచిత్రము తీసినారు. అల్నా ఎముక విరుపు అందులో కనబడినది. రోగి వైద్యము కొరకు అమెరికాలో తీసిన ఎక్స్ కిరణ చిత్రములలో అది మొట్టమొదటిదిగా చెప్పుదురు. అనగా ఈ శాస్త్రము ఆ దేశమున అడుగు పెట్టుటకు ఒక స్కేటింగు బాలుని చేయియే కారణమైనది! మాకు ఇరువది నిమిషములు పట్టలేదు. కన్ను మూసి తెరచునంతలో చిత్రము వచ్చినది. అయితే ఆ గదిలోనికి పిలుపు వచ్చుటకు మాత్రము అయిదు గంటలు పట్టినది.

వైద్యశాలలో మొదట జరిగిన పని మేము ఊహించనిది. నర్సు వచ్చి ఎక్కడ నొప్పి అని అడుగుటకు ముందే మా ఉంగరపు వ్రేలు చూచి, సబ్బునీటితో ఉంగరము తీయుటకు ప్రయత్నించినది. అది రాలేదు. చిన్న చక్రపు కత్తెరతో కోసి తీసినది. ఆ ఉంగరము ముప్పది మూడేండ్ల క్రితము మామగారు పెట్టినది; మా ప్రాణము చివుక్కుమన్నది. కాని గంటసేపటిలో వ్రేళ్ళు అరటిపండ్లవలె ఉబ్బినవి. ఉంగరము అట్లే యున్నచో ఆ వ్రేలికి రక్తము అందక వ్రేలికే ముప్పు వచ్చియుండెడిది. చేయి విరిగినదని అనుమానము కలిగిన తక్షణమే గాజులు, ఉంగరములు, గడియారము తీసివేయవలెను. ఈ ప్రసంగములో ఒక్క మాటయే జ్ఞాపకముంచుకొనువారు ఈ మాట ఉంచుకొందురు గాక. విరిగిన చేతిని ఉన్నది ఉన్నట్లుగా, అట్టముక్కనో మడచిన వార్తాపత్రికనో ఆనించి గుడ్డతో వదులుగా కట్టి, మెడకు వ్రేలాడదీసి తీసికొనిపోవలెను. లాగి సరిచేయుటకు ఇంటివారు పూనుకొనరాదు.

తరువాత విరుపు చోట మందు సూదితో ఎక్కించి, తిమ్మిరి పట్టిన పిదప, ఒకరు మోచేతి వద్ద పట్టుకొనగా ఒకరు వ్రేళ్ళు పట్టి లాగి, ఎముకను స్వస్థానమునకు తెచ్చినారు. పిమ్మట పిండికట్టు వేసినారు. ఈ పిండి జిప్సము అను ఖనిజమును కాల్చి, అందలి నీటిలో హెచ్చు భాగమును పోగొట్టి చేసినది. తిరిగి నీరు తగులగనే అది పోయిన నీటిని పీల్చుకొని రాయియగును, గట్టిపడునప్పుడు వెచ్చనగును. ఆ వెచ్చదనము, బయట అంతటి చలిలో, మాకు హాయిగనే యుండినది. గుడ్డకు ఈ పిండి పట్టించి విరుపులకు చుట్టు పద్ధతిని డచ్చి సైన్యవైద్యుడు మతైసన్ 1851లో హార్లెం పట్టణమున కనిపెట్టి, మరుసటి సంవత్సరము ప్రకటించినాడు. యుద్ధభూమిలో గాయపడినవారిని బండ్ల మీద దూరము తరలించుటకు త్వరగా గట్టిపడు కట్టు ఆయనకు కావలసివచ్చినది. ఇప్పుడు తేలికయైన గాజునార కట్లు కూడ వచ్చినవి. ఎముక కీలులోనికి చీలినప్పుడు, లేక సరిచేసినను నిలువక మరల జారినప్పుడు, లోహపు పలకయు మరలును వేసి శస్త్రచికిత్స చేయుదురు. మాకు అది తప్పినది. జారినదో లేదో చూచుటకే పదవ దినమున మరల చిత్రము తీసినారు. ఆ రెండవ చిత్రమునకు పోక మానువారు మనలో పెక్కుమంది కలరు. కట్టు వేసినారు గదా అని ఊరకుందురు. ముక్క జారిన సంగతి మొదటి రెండు వారములలో తెలిసినచో సరిచేయుట సులభము, అతికిన తరువాత కష్టము.

బొటనవ్రేలిని వెనుకకు చాచినప్పుడు దాని మొదట ఒక చిన్న గుంట ఏర్పడును. పడిన తరువాత ఆ గుంటలో నొక్కిన నొప్పి యున్నచో, మొదటి చిత్రములో ఏమియు కనబడకున్నను నమ్మరాదు. అచ్చట పడవ ఆకారపు చిన్న ఎముక యుండును. దానికి రక్తము వచ్చు మార్గము స్వల్పము, విరుపు దాగియుండును. పది పదునాలుగు దినములకు మరల చూపించుకొనవలెను.

కట్టు లోపల ఏమి జరుగునో చూతము. విరిగిన క్షణమున ఎముకలోని రక్తనాళములు తెగి రక్తము గూడుకట్టును. ఆ గడ్డయే మొదటి పునాది. కొన్ని దినములు వాపు, వేడి, నొప్పి. ఇవి బాధయే అయినను పని మొదలైనదనుటకు గుర్తులు. రెండు మూడు వారములకు ఆ గడ్డ స్థానమున లేతకొబ్బరి వంటి మెత్తని పదార్థము పెరిగి రెండు కొనలను పట్టి యుంచును. ఆ పిదప అందులో సున్నపు లవణములు చేరి గట్టిపడును. మణికట్టు విషయమున ఇది అయిదారు వారముల పని. అప్పటి అతుకు అవసరమునకు మించి లావుగా, మేస్త్రీ తొందరలో మెత్తిన అడుసువలె నుండును. దానిని చెక్కి సాపు చేయు పని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి సాగును. బరువు పడు వైపున ఎముక పెరుగును, పడని వైపున తరుగును. బెర్లినులో యూలియస్ వోల్ఫ్ అను వైద్యుడు 1892లో ఈ సంగతిని గ్రంథరూపమున సూత్రీకరించినాడు. పని లేని ఎముక పలుచబడును, పని చెప్పిన ఎముక గట్టిపడును.

ఇదంతయు తెలిసిన మేము చేసిన దేమనగా, ఏమియు చేయకుండుట. వైద్యశాల వదలునప్పుడు నర్సు ఒక కాగితము ఇచ్చినది. వ్రేళ్ళను గంటకొకసారి పూర్తిగా ముడిచి తెరువవలెను. బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్ళ కొనలను వరుసగా తాకవలెను. మోచేతిని చాచి ముడువవలెను. దినమునకు పలుమార్లు చేతిని తల పైకెత్తవలెను. మొదటి దినములలో కూర్చున్నను పండుకొన్నను చేయి గుండెకు ఎత్తుగా ఉండునట్లు దిండ్ల మీద ఉంచవలెను. ఆ కాగితమును మడచి పుస్తకములో పెట్టినాము. మా అమ్మాయి "నాన్నా, మీరు చెయ్యి కదపకండి, ఏం కావాలన్నా నన్నడగండి" అన్నది. ప్రేమతో అన్న మాట. మాకును ఇంపుగా నుండినది. అల్లుడుగారు "మామయ్యగారూ, విశ్రాంతే మందు" అన్నారు. పంచె కట్టుకొనుట ఒంటిచేతి పని కాదు గనుక పైజామాలలోనికి దిగినాము. ఎడమచేత చెంచాతో భోజనము. కుడిచేయి మెడకు కట్టిన గుడ్డలో పసిబిడ్డవలె నిదురించినది. దిండ్ల సంగతి తప్ప తక్కిన వ్యాయామములలో ఒక్కటియు చేయలేదు. వ్రేళ్ళు కదలించిన నొప్పి వచ్చెడిది. నొప్పి వచ్చుచున్నది గనుక ఎముక చెదరునేమో అని భయము. ఆ భయము సహజమే, కాని తప్పు. కట్టులో నున్న మణికట్టు కదలదు. వ్రేళ్ళు కదలించుటవలన అతుకు చెదరదు, వాపు తగ్గును.

ఆరు వారములు గడచినవి. మార్చి నెలాఖరున కట్టు కోసినారు. ఆ రంపము చూచిన ఎవరికైనను గుండె జారును. కాని దాని పళ్ళచక్రము గిరగిర తిరుగదు, ఇటు అటు అదురును, అంతే. గట్టి పిండిని కోయును, మెత్తని చర్మము దానితోపాటు అదరి తప్పించుకొనును. కట్టు విడిపోగా బయటపడిన చేయి మాది కాదనిపించినది. ఎండిన ఆకువలె పొట్టు లేచిన చర్మము, సగమైన కండ, ఎన్నడును లేని వెండ్రుకలు. చిత్రము చూచి వైద్యుడు ఎముక చక్కగా అతికినదని చెప్పి, చేయి కలిపి పోయినాడు. కలిపినది ఎడమచేయి. కుడిచేయి పిడికిలి పట్టలేదు. వ్రేళ్ళు సగము ముడుచుకొని ఆగినవి. భుజము చెవి ఎత్తునకైనను లేవలేదు. విరిగినది మణికట్టు, బిగిసినది భుజము!

ఆ రాత్రి జాబు వ్రాయుటకు కలము పట్టినాము. మూడు అక్షరములు వ్రాయులోపల కలము జారిపడినది. ముప్పది యేండ్లు నల్లబల్ల మీద వ్రాసిన చేయి. ఇక ఇంతేనేమో అను తలపు వచ్చినది. ఎముక విరిగిన దినమున కూడ అంతటి దిగులు కలుగలేదు.

మరునాడు పోయిన వ్యాయామ చికిత్సకురాలు మా కథ విని నవ్వి, "ఆరు వారములు మీ ఎముక పని చేసినది, మీరు సెలవు తీసికొన్నారు. ఇక ఎముకకు సెలవు, మీకు పని" అన్నది. కట్టు ఎముకను కాపాడును గాని, అదే కట్టు కీళ్ళ చుట్టును ఉన్న సంచిని, స్నాయువులను బిగియబట్టును. వాపులో ఊరిన ద్రవము కదలిక లేక గడ్డకట్టి, ఒకదాని మీద ఒకటి జారవలసిన పొరలను జిగురువలె అంటించును. వ్రేళ్ళ కండరములు ముంజేతిలో నున్నవి గనుక మణికట్టు బిగిసిన పిడికిలియు బిగియును. చేతిని మెడకు కట్టుకొని కదలింపనివారికి, అందును నలుబది దాటినవారికి, భుజము కూడ పట్టుకొనుట తరచు. ఇవన్నియు మందుతో కరగవు.

ఆమె చెప్పిన పని చూచుటకు పిల్లల ఆటవలె నుండును. గోరువెచ్చని నీటిలో చేతిని పది నిమిషములు ఉంచి, నీటిలోనే మణికట్టును పైకి క్రిందికి వంచుట. బల్ల అంచున ముంజేతిని ఆనించి అరచేతిని వ్రేలాడదీసి ఎత్తుట. రెండు చేతులు నమస్కారముగా జోడించి, మోచేతులను మెల్లగా ఎత్తుట. మన నమస్కారము మణికట్టునకు ఇంత మంచి వ్యాయామమని మాకు ఆ పరదేశపు వనిత చెప్పవలసి వచ్చినది! మోచేతిని నడుమునకు ఆనించి అరచేతిని బోర్లించుట, వెల్లకిల త్రిప్పుట. ఈ చివరిదియే అన్నిటికంటె కష్టము, అన్నిటికంటె ఆలస్యముగా వచ్చునది. బోర్లించిన చేయి వ్రాయగలదు, తుడువగలదు. వెల్లకిల తిరుగని చేయి ముద్దను నోటికి ఎత్తలేదు, చిల్లర పుచ్చుకొనలేదు, తీర్థము పట్టలేదు.

ఎంత నొప్పి వరకు పోవచ్చును? ఇది ప్రతి రోగియు అడుగు ప్రశ్న. ఆమె కొలత సులభమైనది. వ్యాయామము చేయునప్పుడు లాగినట్లు నొప్పి వచ్చి, అరగంటలో తగ్గిపోయినచో అది మేలు. మరునాటి వరకు నిలిచి, చేయి మరల ఉబ్బినచో ముందటి దినము హెచ్చు చేసినట్లు. దినమునకు ఒకసారి గంటసేపు చేయుటకంటె, ఆరుసార్లు అయిదేసి నిమిషములు చేయుట మేలు. మరియొకరు బలవంతముగా వంచుట పనికిరాదు. కట్టు విప్పగనే తైలము రాసి నూతి గిలకవలె చేతిని త్రిప్పు పెద్దలు మన ఇండ్లలో కలరు, వారికి దూరముగా నుండవలెను. అయితే కొందరికి వ్యాయామముతో నిమిత్తము లేకనే మితిమీరిన మంట పుట్టును. చేయి ఎఱ్ఱనై, లేక నీలివన్నెకు తిరిగి, ఒక వేళ వేడిగను ఒక వేళ చల్లగను ఉండి చెమట పట్టును. గుడ్డ సోకినను ఓర్వలేరు. ఇది నాడులు అదుపు తప్పుటచే వచ్చు చిక్కు. ఓర్చుకొనవలసినది కాదు, వెంటనే వైద్యునికి చూపవలసినది.

మేలో తెనాలి చేరినాము. పాత గ్రంథములు తిరుగవేయుచుండగా సుశ్రుతసంహితలో భగ్నచికిత్స కనబడినది. సుశ్రుతుడు ఎముక విరుపులను పండ్రెండుగను, కీలు తొలగుటను ఆరుగను విభజించినాడు. చెట్టు బెరడులతో కట్టు చెప్పి, చలి ఋతువులో ఏడు దినములకు, మధ్యమ ఋతువులో అయిదు దినములకు, వేసవిలో మూడు దినములకు విప్పి మరల కట్టుమన్నాడు. వదులు కట్టుతో సంధి నిలువదు, బిగువు కట్టుతో వాపు, నొప్పి, చీము పుట్టును అన్నాడు. మమ్ములను ఆపినది అరచేతి విరుపును గూర్చిన మాట. విరుపు బాగైన పిదప రోగి మొదట మట్టిముద్దను చేత పట్టవలెనట, తరువాత ఉప్పుగడ్డను, చేతికి బలము వచ్చిన పిమ్మట రాతిని. ఒట్టావాలో ఆమె మాకిచ్చినవి మెత్తని రబ్బరు ముద్ద, తరువాత గట్టి ముద్ద, కడపట అరకిలో ఇనుపగుండు. పదార్థములు మారినవి, క్రమము మారలేదు. మేము మా ఇంట చపాతీల పిండి పిసుకు పనికి కుదురుకొన్నాము. మొదట పలుచగా, పోను పోను గట్టిగా కలిపించుకొన్నాము. తడిగుడ్డ పిండుట, కొళాయి త్రిప్పుట, తాళము తీయుట, సీసా మూత విప్పుట, ఇవి అన్నియు వైద్యమే. చాకలిబట్టలలో పిండని తువ్వాలు ఒకటి రోజూ మాకై ఉంచమని ఇంట చెప్పినప్పుడు నవ్వినారు గాని, ఉంచినారు.

మన ప్రాంతమున చేయి విరిగిన వెంటనే వినబడు మాట పుత్తూరు కట్టు. రాయలసీమలోని ఆ ఊరి ఆకుపసరు కట్టు, వెదురుబద్దలు తెలుగునాట పేరెన్నికగన్నవి. తరతరముల అనుభవమును తేలికగా త్రోసివేయుట మాకు ఇష్టము లేదు. కాని ఏ ఊరి కట్టయినను, ఏ ఆసుపత్రి కట్టయినను, సుశ్రుతుడు చెప్పిన బిగువు దోషము అందరికిని వర్తించును. వ్రేళ్ళు తెల్లబడుట, నీలిబడుట, తిమ్మిరి, వ్రేళ్ళను మెల్లగా చాచినను భరింపరాని పోటు, ఈ లక్షణములు కనబడినచో తెల్లవారు వరకు ఆగరాదు. ఆ రాత్రియే కట్టు వదులు చేయింపవలెను. రక్తము అందని కండరము కొన్ని గంటలలో చచ్చి, పిదప చేయి గద్దగోరువలె ముడుచుకొనిపోవును. జర్మనీ వైద్యుడు వోక్‌మన్ 1881లో దీనిని వర్ణించినాడు. అందుండి చేయి పూర్తిగా కోలుకొనదు. ఏ కట్టు కట్టించుకొన్నను, ముందుగా ఎక్స్ కిరణ చిత్రము తీయించుకొనుట మాత్రము మానరాదు.

నల్లేరును గూర్చి అడుగని బంధువు లేడు. సంస్కృతమున దానికి అస్థిసంహారి అను పేరే కలదు. నల్లేరు కాడల పచ్చడి ముగ్గురి ఇండ్ల నుండి వచ్చినది. అందు ఎముకకు ఉపకరించు గుణము కలదేమో అని పరిశోధకులు చూచుచునే యున్నారు. తీర్పు ఇంకను గట్టిపడలేదు. మేము వేడి అన్నములో నెయ్యితో తిన్నాము, రుచిగా నున్నది, అంతవరకే చెప్పగలము. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, పప్పు, కొంత ఎండ, వీనిలో సందేహము లేదు. పొగ త్రాగువారికి ఎముక ఆలస్యముగా అతుకునన్నదియు స్థిరపడిన సంగతి.

ఇంకొక సంగతి ఆడువారిని ఉద్దేశించి చెప్పవలెను. ఏబది దాటిన స్త్రీ ఊరక నిలుచున్న ఎత్తునుండి పడి మణికట్టు విరుగగొట్టుకొన్నచో, కట్టు కట్టించి ఊరకుండరాదు. ఎముకలు గుల్లబారుచున్నవనుటకు అది తరచు మొదటి హెచ్చరిక. అప్పుడే పరీక్ష చేయించి మందు పుచ్చుకొన్నచో, పది పదునైదేండ్ల తరువాత రావలసిన తుంటి విరుపును తప్పించుకొనవచ్చును. ఇది మగవారికి కూడ లేకపోలేదు. మాకును ఆ పరీక్ష చేసినారు. ఎముక వయస్సునకు తగినట్లే యున్నది, నేర్పే వయస్సునకు తగినట్లు లేదు.

పిల్లల వద్దకు పోవు తలిదండ్రులకు ఒక లౌకిక విషయము. చూచి పోవుటకు వచ్చినవారికి ఆ దేశపు ప్రభుత్వ వైద్యము ఉచితము కాదు. బయలుదేరుటకు ముందే ప్రయాణపు బీమా తీసికొనవలెను. మంచు మీదికి దిగక తప్పనిచో, మణికట్టునకు బద్దలు గల తొడుగులు దొరకును, వేసికొనవలెను. మోకాళ్ళు వంచి నిలువవలెను. పడుట తథ్యమని తోచినప్పుడు చేయి చాచక, పిడికిళ్ళు రొమ్మునకు ఆనించి, ప్రక్కకు ఒరిగి పిరుదుల మీద పడవలెను. ఇది మా మనుమనికి మొదటి పాఠముననే నేర్పినారట. వాడు మాకు చెప్పుట మరచినాడు.

జూన్ నాటికి పిడికిలి పూర్తిగా మూసికొన్నది. జూలైలో తల మీద నూనె రాసికొనగలిగినాము. భుజమునకు అది పరీక్ష. వ్రాత ఆగస్టులో దారికి వచ్చినది, అయినను రెండు పుటలు వ్రాసిన పిదప మణికట్టు విశ్రాంతి కోరెడిది. పట్టు బలము పూర్తిగా వచ్చుటకు సంవత్సరము పట్టవచ్చునని ముందే చెప్పియుండిరి, పట్టినది.

అరచేయి వెల్లకిల తిరుగుట మాత్రము వెనుకబడియే యుండినది. సెప్టెంబరు 2వ తేదీ వినాయకచవితి నాడు గుడికి పోయినాము. పూజారిగారు ఉద్ధరిణె ఎత్తినారు. అంతకుముందు నాలుగు నెలలు తీర్థము ముంజేతి వెంట మోచేతి వరకు కారిపోయెడిది. ఆయన చూచియు చూడనట్లు మరల పోసెడివారు. ఆ దినమున రెండు బొట్లు మాత్రము జారినవి, తక్కినది అరచేత నిలిచినది. "ఈసారి రెండోసారి పోయనక్కర్లేదండీ మాస్టారూ" అని ఆయన తరువాతి వారి వైపు తిరిగినారు.